పత్తి సాళ్ళలో పావిలి కూర

తొలకరికి పెట్టిన పత్తి నెల తిరిగేసరికి నల్లరేగడి సాళ్ళ మధ్య ఎవరూ విత్తని పంట ఒకటి పరుచుకుంటుంది. ఎర్రటి కాడ, నేలకు అతుక్కుని నాలుగు దిక్కులా పాకే కొమ్మలు, గోటితో నొక్కితే నీరూరే మందపాటి ఆకు, ఎండెక్కాక విచ్చుకునే చిన్న పసుపు పువ్వు. అది పావిలి కూర. ఊరిని బట్టి గంగవాయిలి అంటారు, గంగపాయల కూర అంటారు. దాని పక్కనే గలిజేరు, చెంచలి, గురుగు, చిలక తోటకూర. కాలవ గట్టున పొన్నగంటి. కంచె మీద నల్లేరు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలల్లో ఇవన్నీ రైతు లెక్కలో కలుపు. ఆ కలుపు తీయడానికి వచ్చిన ఆడకూలీ లెక్కలో ఆ పూట కూర. ఈ మధ్య వీటికి ఇంకో పేరు కూడా వచ్చింది. యాంటీ ఆక్సిడెంట్ల గని అని, క్యాన్సర్‌ను తరిమే ఆకు అని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి, ఎండబెట్టిన పొడి డబ్బాల్లో అమ్ముడుపోతోంది. అదే కాలంలో అదే ఆకు చేలల్లో గడ్డిమందుకు మాడిపోతోంది. ఈ రెండూ వేరువేరు సంగతుల్లా కనిపిస్తాయి గానీ, రెండింటిలోనూ జరుగుతున్నది ఒకటే: కూరను కూరగా చూడడం మానేశాం. మందుగా చూసినవాళ్ళు దానికి లేని శక్తిని అంటగట్టారు, కలుపుగా చూసినవాళ్ళు ఉన్న విలువను కాదన్నారు. ఈ ఆకులను కాపాడుకోవలసిన అవసరం నిజంగా ఉంది. అయితే క్యాన్సర్ పేరు చెప్పి కాపాడబోతే, ఆ మాట నిలవని రోజున ఆకు కూడా నిలవదు.

క్యాన్సర్ మాట గాలిలోంచి పుట్టలేదన్నది ముందుగా ఒప్పుకోవాలి. పావిలి మీద, పొన్నగంటి మీద, గలిజేరు మీద మన దేశంలోనూ బయటా ఎన్నో పరిశోధన పత్రాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం చేసే పని ఏమిటో దగ్గరగా చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఆకును నీడలో ఎండబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌లోనో ఇథనాల్‌లోనో నానబెట్టి సారం తీస్తారు. డీపీపీహెచ్ అనే రసాయనం కలిపిన ద్రావణం ముదురు ఊదా రంగులో ఉంటుంది. అందులో ఆ సారం కలిపి చీకట్లో అర గంట ఉంచుతారు. ఊదా రంగు వెలిసి లేత పసుపుకు తిరిగితే ఆకులో యాంటీ ఆక్సిడెంట్ గుణం ఉన్నట్టు. రంగు ఎంత వెలిస్తే గుణం అంత ఎక్కువ. అది నిజమైన రసాయన చర్యే, అందులో అబద్ధమేమీ లేదు. కానీ మన ఒంట్లో డీపీపీహెచ్ ఉండదు, మనం మిథనాల్ సారం తాగం. ఆకును పప్పులో వేసి ఉడికించి తింటాం. ఆ ముద్ద పొట్టలోని ఆమ్లాన్ని, పేగుల్లోని సూక్ష్మజీవులను, ఆ తర్వాత కాలేయాన్ని దాటాలి. ఇన్ని గడపలు దాటాక రక్తంలో మిగిలేది గాజు గొట్టంలో కనబడిన దానిలో చాలా చిన్న పాలు, అదీ రూపం మారిపోయి. అమెరికా వ్యవసాయ శాఖ ఇలాంటి కొలతలతోనే ఏ తిండిలో ఎంత యాంటీ ఆక్సిడెంట్ శక్తి ఉందో ఒరాక్ అనే పట్టిక తయారుచేసింది. ఆ అంకెలకూ మనిషి ఆరోగ్యానికీ సంబంధం రుజువు కాలేదని, వ్యాపారులు వాటిని తప్పుగా వాడుకుంటున్నారని చెప్పి, 2012లో ఆ పట్టికను తానే తీసేసింది.

రెండో పరీక్ష క్యాన్సర్ కణాల మీద జరుగుతుంది. పళ్ళెంలో పెంచిన కణాల మీద సారం పోసి, ఒకటి రెండు రోజుల తర్వాత ఎన్ని చచ్చాయో లెక్కపెడతారు. మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల సారానికి సగం కణాలు చచ్చాయనుకుందాం. పెద్దమనిషి ఒంట్లో నీరు సుమారు 40 లీటర్లు. ఆ పలుచదనంలోనూ అదే గాఢత రావాలంటే 4 గ్రాముల సారం ఒక్క రవ్వ కూడా వృథా పోకుండా ఒంటికి పట్టి, రెండు రోజులు అలాగే నిలవాలి. ఎండుటాకులో పదో వంతు సారం దిగుతుందనుకున్నా, పావిలిలో తొంభై శాతం పైగా నీరే కాబట్టి, దానికి అర కిలో పైన పచ్చి ఆకు కావాలి. తిన్నదాంట్లో వందో వంతే రక్తానికి చేరిందనుకుంటే ఆ అర కిలో యాభై కిలోలవుతుంది. పైగా పళ్ళెంలో కణాలు చావడం గొప్ప విశేషం కాదు, ఉప్పు ఎక్కువైనా చస్తాయి. మంచి కణాలను వదిలి చెడ్డ కణాలనే చంపుతోందా అన్నది అసలు ప్రశ్న. చాలా పత్రాలు అక్కడిదాకా వెళ్ళవు. ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన మిరపనే తీసుకోండి. కారానికి మూలమైన క్యాప్సైసిన్ గాజు పళ్ళెంలో క్యాన్సర్ కణాలను చంపుతుందని ఎన్నో ప్రయోగాలు చెప్పాయి. 1994లో మెక్సికో నగరంలో మనుషుల మీద జరిపిన అధ్యయనంలో మాత్రం మిరప తినేవాళ్ళలో జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువగా కనబడింది. ఆ ఒక్క అధ్యయనంతో మిరపకాయను దోషిని చేయలేం. అలాగే ఒక్క పళ్ళేన్ని చూసి ఆకును వైద్యుణ్ణి చేయలేం.

గాజు గొట్టం మాట సరే, మనుషుల మీద యాంటీ ఆక్సిడెంట్లను పరీక్షించిన వాళ్ళే లేరా అని అడగవచ్చు. ఉన్నారు. ఆ ఫలితాలు పొగాకు పండించే ప్రకాశం జిల్లా మరీ శ్రద్ధగా వినవలసినవి. ఆకుకూరల్లోనూ క్యారెట్లోనూ ఉండే బీటా కెరోటిన్‌ను ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద పరీక్షించారు. రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్ర ఏళ్ళ తరబడి మింగినవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశ. 1994లో ఫలితం వెల్లడైంది: మాత్ర మింగినవాళ్ళలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. అమెరికాలో 18,314 మందితో మొదలుపెట్టిన కారెట్ అనే పరీక్షలో 28 శాతం ఎక్కువ రావడంతో 1996 జనవరిలో మధ్యలోనే ఆపేశారు. విటమిన్ ఇ, సెలీనియంలతో 35 వేల మందికి పైగా మగవాళ్ళ మీద జరిగిన మరో పెద్ద పరీక్షను 2008లో ఆపారు. ఆ తర్వాత లెక్క చూస్తే విటమిన్ ఇ తీసుకున్నవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. ఈ మూడింటిలోనూ వాడింది ఆకును కాదు, ఒకటో రెండో పదార్థాలను, మాత్రల మోతాదులో. కాబట్టి ఈ ఫలితాలతో ఆకుకూర హాని చేస్తుందనడం తప్పు. యాంటీ ఆక్సిడెంట్ అన్న పదం వినగానే క్యాన్సర్‌కు విరుగుడు అని అర్థం చేసుకోవడం కూడా తప్పేనని మాత్రం ఇవి తేల్చేశాయి. పొగాకు బోర్డు కేంద్రం గుంటూరులో ఉంది, ఒంగోలు పొగాకుకు దేశదేశాల్లో గిరాకీ ఉంది. క్యాన్సర్ కారకమని ఏ సందేహం లేకుండా తేలిన సరుకు ఈ నేలలోనే పండుతుంటే, చుట్ట కాల్చుతూ పావిలి పప్పు తింటే సరిపోతుందన్న ధీమా కలిగించడం ప్రాణాలతో చెలగాటం.

ఆకుకూ క్యాన్సర్‌కూ ఉన్న అసలు సంబంధాన్ని అందరికన్నా లోతుగా తవ్విన కథలో మన తెలుగువాడే ఉన్నాడు. ఫోలిక్ ఆమ్లం అన్న పేరే ఆకు అన్న లాటిన్ మాట నుంచి వచ్చింది. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి దాన్ని విడదీసి ఆ పేరు పెట్టారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం 1945 నాటికి దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తహీనతను తగ్గించే ఈ ఆకు సత్తువ రక్త క్యాన్సర్‌నూ తగ్గిస్తుందేమోనని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాని సమ్మేళనాలను లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా మరింత వేగం అందుకున్నట్టు ఆయన గమనించారు. అప్పుడు ఆలోచన తిరగబడింది. ఫోలిక్ ఆమ్లం కణం పెరుగుదలకు తిండి అయితే, ఆ తిండి అందకుండా అడ్డుపడేది కావాలి. సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ ఆ పని చేసింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గింది. క్యాన్సర్‌కు మందులతో వైద్యం చేయడంలో అదొక మలుపు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. ఆకులోని మంచి పదార్థం ఆరోగ్యవంతుడికి ఆహారం. ముదిరిన జబ్బులో అదే పదార్థం జబ్బుకూ ఆహారం కావచ్చు. ఈ తేడాను కనిపెట్టిన మనిషి మన భాషవాడు. అలాంటప్పుడు ఏ ఆకైనా ఏ క్యాన్సర్‌కైనా మంచిదే అన్న మాట తెలుగు పత్రికల్లో, తెలుగు వీడియోల్లో ఇంత చులాగ్గా చెల్లుబాటు కావడం బాధ కలిగిస్తుంది.

మొక్కల నుంచి క్యాన్సర్ మందులు రాలేదా అన్నది దీని మీద వచ్చే మొదటి అభ్యంతరం. వచ్చాయి. శ్మశానాల్లోనూ పెరటి గోడల వారనా గులాబీ రంగు పూలు పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి దొరికింది. పిల్లల రక్త క్యాన్సర్‌లో అది ఎంతో మందిని బతికించింది. అయితే అది యాంటీ ఆక్సిడెంట్ కావడం వల్ల పనిచేయలేదు. విభజన చెందుతున్న కణాన్ని మధ్యలో పట్టి ఆపేసే విషం కావడం వల్ల పనిచేసింది. రవ్వంత మందు కోసం ఆకును టన్నుల లెక్కన వడగట్టాలి, మోతాదు మిల్లీగ్రాముల్లో కొలిచి నరంలోకి ఎక్కించాలి, కాస్త ఎక్కువైతే నాడులు దెబ్బతింటాయి. బిళ్ళగన్నేరును మన పెద్దలు ఎన్నడూ కూర వండలేదు. తరతరాలుగా నిర్భయంగా తిన్న పావిలి అంత బలమైన విషం కాదు కాబట్టే కూర అయింది. ఒక మొక్క రోజూ తినగలిగేంత సౌమ్యంగానూ క్యాన్సర్‌ను చంపేంత తీవ్రంగానూ ఒకేసారి ఉండాలని కోరుకోవడంలో పొంతన లేదు.

పాతకాలం వాళ్ళు ఇవే తిన్నారు, వాళ్ళకు క్యాన్సర్లు ఎక్కడున్నాయి అన్నది రెండో అభ్యంతరం. మనసుకు హత్తుకునే మాటే. కానీ స్వాతంత్ర్యం వచ్చే నాటికి ఈ దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దగ్గర ఉంది. క్యాన్సర్ చాలావరకు వయసు మీద వచ్చే జబ్బు. మశూచి, కలరా, పురిటి మరణాలు దాటి ముసలితనం దాకా బతికినవాళ్ళే తక్కువ. బతికినవాళ్ళలో కడుపులో గడ్డ వచ్చి పోయిన మనిషిని ఏ పరీక్ష చేసి ఏ పేరు పెట్టారు? అయినా ఈ వాదనలో ఒక గింజ ఉంది, దాన్ని చెరిగి పారేయకూడదు. పీచు ఎక్కువ ఉండే ఆహారం పెద్దపేగు క్యాన్సర్ ముప్పును బహుశా తగ్గిస్తుందని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి 2018 నివేదిక తేల్చింది. అంటే ఆకుకూర నుంచి రాగల రక్షణకు ఇప్పటివరకు దొరికిన గట్టి ఆధారం ఎవరూ పొగడని పీచు వైపు చూపిస్తోంది. దానికి అరుదైన ఆకే కావాలని లేదు, డబ్బాలో పోసిన పొడి అసలే అక్కర్లేదు, కంచంలో రోజూ ఆకు ఉంటే చాలు.

ఆ కంచం సంగతి చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలూ పండ్లూ తినమంటుంది. కూలి డబ్బుతో ఆ 400 గ్రాములు కొనడం తేలిక కాదు. శ్రావణ భాద్రపదాల్లో, సరిగ్గా కూరగాయల ధర మండే రోజుల్లో, కలుపు తీయడానికి వంగిన ఆడవాళ్ళు కొంగులో వేసుకుని వెళ్ళే పావిలీ చెంచలీ ఈ లోటును పైసా ఖర్చు లేకుండా పూడుస్తూ వచ్చాయి. పావిలిలో ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఉంటుంది. నూరు గ్రాముల పచ్చి ఆకులో 300 నుంచి 400 మిల్లీగ్రాములు, ఆకుకూరల్లో ఇంత ఎక్కువ ఉండడం అరుదు. పొన్నగంటిలో బీటా కెరోటిన్, కాల్షియం దండిగా ఉన్నాయి. కళ్ళకు మంచిదన్న పాత మాట వట్టిది కాదు. ఇక్కడ యాంటీ ఆక్సిడెంట్ ప్రచారం దాచిపెట్టే సంగతి ఇంకొకటుంది. గాజు గొట్టంలో ఊదా రంగును వెలిసేలా చేసే పాలీఫినాల్సే పేగులో ఇనుమును పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఉన్న మనిషికి ఫినాల్స్ ఎక్కువున్న ఆకు ఎక్కువ మంచిది అనడం అందుకే తలకిందులు లెక్క. దించాక నిమ్మకాయ పిండితే ఇనుము కొంత ఎక్కువ పడుతుంది, తాలింపులో నూనె ఉంటే కెరోటిన్ పడుతుంది, పావిలిని పెరుగుతో కలిపితే పెరుగులోని కాల్షియం ఆకులోని ఆక్సలేట్‌ను కొంత కట్టేస్తుంది. పావిలి పొద్దున కోస్తే పుల్లగా, సాయంత్రం కోస్తే చప్పగా ఉంటుంది. నీటి ఎద్దడిలో ఆ మొక్క రాత్రిపూట గాలి పీల్చుకుని ఆమ్లంగా దాచుకుని, పగలు ఖర్చు పెట్టుకుంటుంది. ఇలాంటి జ్ఞానం పొడి డబ్బాలో దొరకదు, వండేవాళ్ళ చేతిలో ఉంటుంది.

ఇంత విలువైన ఆకు సాళ్ళలోంచి ఎందుకు పోతోంది? కారణం గడ్డిమందు. బీజీ-3 అన్న పేరుతో అనుమతి లేకుండా చేలల్లోకి వచ్చిన పత్తి విత్తనం గ్లైఫోసేట్ చల్లినా చావదు. చుట్టూ ఉన్న పచ్చనిదంతా చస్తుంది. 2017లో కేంద్రం వేసిన కమిటీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, గుజరాత్, మహారాష్ట్రల్లో సుమారు 15 శాతం పత్తి విస్తీర్ణంలో ఆ విత్తనం ఉన్నట్టు అంచనా వేసింది. గ్లైఫోసేట్‌కు మన దేశంలో అనుమతి ఉన్నది తేయాకు తోటలకూ పంట లేని చోట్లకూ మాత్రమే. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది, 2022 అక్టోబరులో కేంద్రం తెగుళ్ళ నివారణ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ చల్లకూడదంది. అయినా వాడకం ఆగలేదు. ఇక్కడ నాకు అనుకూలమైన అస్త్రం ఒకటుంది: ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో గ్లైఫోసేట్‌ను బహుశా క్యాన్సర్ కారకం అన్న వర్గంలో పెట్టింది. కానీ ఐరోపా, అమెరికా నియంత్రణ సంస్థలు దానితో ఏకీభవించలేదు. ఆకు విషయంలో ఎంత గట్టి సాక్ష్యం అడిగామో మందు విషయంలోనూ అంతే అడగాలి. కాబట్టి ఆ మాట మీద నా వాదన నిలబెట్టను. నిలబెట్టనక్కర్లేదు కూడా: పేదింటి కంచంలోంచి ఒక కూరను తీసేయడం దానంతటదే నష్టం, దానికి క్యాన్సర్ సాక్ష్యం అవసరం లేదు.

కూలీలు దొరకని రోజుల్లో, కౌలు కట్టుకుంటూ అప్పుల మీద సేద్యం చేసే రైతును కలుపు ఉంచుకోమనడం న్యాయమా అని ఎవరైనా అడిగితే, అడగాల్సిన ప్రశ్నే. 1987-88లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు దెబ్బకు పత్తి పోయి ఇదే ప్రాంతంలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ చరిత్ర తెలిసినవాళ్ళెవరూ రైతు మీద బరువు పెంచే మాట తేలిగ్గా అనలేరు. మొక్క చిన్నగా ఉన్న మొదటి నెలన్నర, రెండు నెలలు కలుపు తీయక తప్పదు. కానీ గుంటక తోలి, చేత్తో తీసిన కలుపులో కూర మిగులుతుంది. మందు చల్లిన కలుపులో కూరా పోతుంది, కూలీ పోతుంది, గట్టు మీది పొన్నగంటీ పోతుంది. గట్లూ, బాటల పక్కలూ, కాలవ ఒడ్డులూ పంటకు పోటీ కావు. కనీసం అక్కడ మందు పడకుండా ఆపడానికి ఏ రైతూ నష్టపోనక్కర్లేదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం చివరిది: మందులు కొట్టిన చేలో కోసిన ఆకు తినమని చెప్పడం ఎంతవరకు క్షేమం? 2021-22లో నల్ల తామరపురుగు మిరపను ఊడ్చేసినప్పుడు రైతులు చేతికందిన మందల్లా పిచికారీ చేశారు. పిచికారీ మిరపాకు మీద పడి ఆగదు, దాని కింద ఉన్న పావిలి మీదా పడుతుంది. క్యాన్సర్‌ను తరిమే ఆకు అని నమ్మి అలాంటి చేలోంచి కోసి పచ్చిరసం తాగితే, ఒంట్లోకి వెళ్ళేది ఏమిటి? ఎగుమతికి వెళ్ళే ఎండుమిర్చిలో అవశేషాలు కొలుస్తారు, పరాయి దేశం తిప్పి పంపుతుందన్న భయం ఉంది కాబట్టి. కూలి మనిషి కొంగులోని ఆకును కొలవమని అడిగేవాళ్ళు లేరు. కాబట్టి ప్రస్తుతానికి చెప్పగలిగింది ఇంతే: మందు కొట్టిన మిరప చేలో ఆకు కోయవద్దు, పెరట్లో, మందు పడని మెట్టలో, రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపిస్తున్న ప్రకృతి సేద్యం పొలాల్లో దొరికింది తినవచ్చు. గలిజేరు రసం కిడ్నీలను బాగుచేస్తుందన్న ప్రచారం నమ్మి మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషి ఈ ఆకులను మోతాదు లేకుండా తింటే, వాటిలోని పొటాషియం, ఆక్సలేట్ అతని ప్రాణం మీదికే తేవచ్చు. క్యాన్సర్ రోగి సంగతి ఇంకా స్పష్టం. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, నయం కాగల దశలో ఆసుపత్రి వైద్యం కాదని ప్రత్యామ్నాయ వైద్యాన్ని మాత్రమే నమ్ముకున్న 281 మంది వివరాలు పరిశీలిస్తే, వైద్యం చేయించుకున్నవాళ్ళతో పోలిస్తే వాళ్ళకు చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు ఉంది.

ఇక్కడ చేయవలసిన పరిశోధన మరో గాజు గొట్టంలో రంగు వెలిసిందని చూపే పత్రం కాదు. గుంటూరు పక్కన లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, ఎల్‌సీఏ-334 లాంటి మిరప రకాలను ఇచ్చిన పరిశోధన స్థానం ఉంది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 528 ఆహారాల పోషకాలను కొలిచి 2017లో పట్టికగా అచ్చువేసింది. ఇవన్నీ కలిసి తేల్చవలసిన ప్రశ్నలు సాదా ప్రశ్నలు. ఏ మందు కొట్టిన ఎన్నాళ్ళకు చేలోని పావిలి తినడానికి పనికొస్తుంది? గట్టు మీది పొన్నగంటిలో మిగిలేదెంత? కడిగితే ఎంత పోతుంది, ఉడికించి నీళ్ళు పారబోస్తే ఎంత పోతుంది? ప్రకృతి సేద్యం పొలంలో కోసిన చెంచలిని వారానికి రెండు రోజులు అంగన్‌వాడీ పప్పులో వేస్తే గర్భిణుల రక్తంలో హిమోగ్లోబిన్ కదులుతుందా? వీటిలో చాలావాటికి ఒక్క కారులో జవాబు రాబట్టవచ్చు. అవశేషాల పరీక్షకు ఒక్కో చేను నుంచి కిలో ఆకు చాలు.